పదమూడు పాయింట్ రెండు

యశ్వంతపురం యార్డులో తెల్లారడమంటే
మొదటి లారీ వెనక తలుపు కిందికి పడ్డ చప్పుడు.
ఆ తర్వాతే వెలుతురు,
అదీ దుమ్ములో జల్లెడ పట్టించుకుని వస్తుంది.

నా పని చిన్నది.
బస్తా పొట్టలో పరఖీ గుచ్చి గుప్పెడు రాబట్టడం,
వంద గ్రాములు తూచి తెల్ల పళ్ళెంలో పరిచి
నూకలు ఒక పక్క, పురుగు తొలిచినవి ఒక పక్క,
రాయీ, మట్టిబెడ్డా, ఎలుక పెంటా
ఇంకో పక్కకి నెట్టడం.
ఆఖరి కుప్ప పేరు రిజిస్టర్లో అన్యపదార్థం.
అది వీసంలో సగం పెరిగినా
మండీ సాహుకారు నుంచి ఫోను.

సుంకమ్మ పని అంతకన్నా చిన్నదని
కూలీ చీటీ అంటుంది.
కారిన గింజలు ఊడ్చి, చెరిగి, మళ్ళీ సంచికెత్తాలి.
మడకశిర పక్క పల్లె. పదహారేళ్ళుగా ఇదే గోడౌను.
ముక్కుకి కట్టుకున్న కొంగు
సాయంత్రానికి
ఊపిరి తగిలిన మేర రాగిపిండి రంగు.

ఆదివారం దగ్గదు.
సోమవారం మూడో చాట చెరిగేసరికి
రొమ్ములో ఎవరో గోనె కుడుతున్నట్టు ఉంటుందట.
శనివారానికి అలవాటైపోతుందట.
"దగ్గు కాదు సామీ,
పాత బస్తాలో గింజ జారతాండాది" అని నవ్వుతుంది.

నేను కొత్తగా చేరినప్పుడు
జొన్నగింజ పంటికింద టక్కుమనిపించి
"పన్నెండు" అనేది.
మిషన్లో పోస్తే పన్నెండు పాయింట్ ఒకటి.
దోసిలి ముక్కు దాకా ఎత్తి
"ఇది వానకి తడిసింది,
రోడ్డు మీద ఆరబోసి తెచ్చినారు" అనేది.
లారీ డ్రైవరు బీడీ వెతుక్కునేవాడు.

మొన్న నాలుగో షెడ్డులో మందు పెట్టారు.
టార్పాలిన్ కింద మాత్రలు, అంచుల మీద ఇసుక సంచులు,
ఏడు రోజులు తెరవరాదని ఒక అట్ట.
కన్నడంలో ఉంది, ఇంగ్లీషులో ఉంది.
సుంకమ్మకి ఏ భాషలోనూ చదువు రాదు.
మూడో రోజే ఎవరికో సరుకు అర్జంటయింది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.
వెల్లుల్లి దంచి, కుళ్ళిన చేప కలిపినట్టు
గాలి నా గొంతు పట్టుకుంది.
లోపల, ఎత్తిన పట్టా పక్కనే,
వంగి ఊడుస్తోంది సుంకమ్మ,
తన ఇంటి వాకిలి ఊడ్చుకున్నంత తీరిగ్గా.

రెక్క పట్టి లాక్కొచ్చాను.
"వాసన రాలేదా?"
"ఏం వాసన?"

కొళాయి దగ్గర కక్కుకుంది. మేస్త్రీ సోడా తెప్పించాడు.
తర్వాత నా గదిలో కూచోబెట్టి
బూజుకంపు కొడుతోందని నిన్న తిప్పి పంపిన జొన్నలు
దోసిట్లో పోశాను.
పీల్చింది. ఇంకోసారి పీల్చింది.
"మంచివే" అంది.
నా మొహం చూసి
చేతులు మెల్లగా దించుకుంది.

"ఆ డబ్బాకి ఏటేటా వచ్చి చీటీ అంటిస్తారు గదా,
సరింగా చెబుతాందో లేదో చూసి.
నాకెవురంటిస్తారు?"
కోపం లేదు. చిల్లర ఉందా అని అడిగినంత మామూలుగా.

మేస్త్రీకి చెప్పొద్దంది.
చెబితే పొరక ఇంకొకరి చేతికి పోతుంది.
చెప్పలేదు.
ఆ మౌనాన్ని ఏ కుప్పలో వెయ్యాలో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

లేస్తూ లేస్తూ
ఇవాళ్టి పళ్ళెంలోంచి ఒక గింజ తీసి
పంటికింద పెట్టింది.
టక్.
"పదమూడు."

మిషన్లో పోశాను.
పదమూడు పాయింట్ రెండు.

"పండ్లున్నాయిలే ఇంకా" అని
కొరికిన గింజ ఉమ్మకుండా
కొంగున ముడేసుకుని
పొరక చంకన పెట్టుకుంది.
బయట ఇంకో లారీ తలుపు పడింది.